మేవెన్ రిపాజిటరీని డి డ్రైవ్‌కి మార్చినా ఎక్లిప్స్ మాత్రం సి డ్రైవ్‌లోకే దింపుతోంది

అందరికీ నమస్తే. నా లాప్‌టాప్‌లో సి డ్రైవ్ నిండిపోయింది. చూస్తే యూజర్ ఫోల్డర్‌లోని .ఎం2 (జావా బిల్డ్ టూల్ మేవెన్, తాను దింపిన లైబ్రరీలను దాచుకునే ఫోల్డర్) ఒక్కటే 9 జీబీ తినేసింది. అందుకని మేవెన్ ఇన్‌స్టాల్ చేసిన చోట, కాన్ఫ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్.ఎక్స్ఎంఎల్‌లో లోకల్ రిపాజిటరీ ట్యాగ్‌కి డి డ్రైవ్ పాత్ ఇచ్చాను. కమాండ్ ప్రాంప్ట్‌లో బిల్డ్ చేస్తే జార్‌లన్నీ (జావా లైబ్రరీ ఫైళ్లు) బుద్ధిగా అక్కడికే వస్తున్నాయి. అదే ప్రాజెక్ట్ ఎక్లిప్స్‌లో (నేను కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) తెరిస్తే మళ్లీ సి డ్రైవ్‌లోకే! మేవెన్ ఎక్కడుందో చెప్పే ఎం2_హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా పెట్టి చూశాను (3.5 వెర్షన్ నుంచి మేవెన్ దాన్ని పట్టించుకోదట, తర్వాత తెలిసింది).

ఎక్లిప్స్ తనతో వచ్చిన మేవెన్‌నే వాడుతూ, నేను మార్చిన ఫైల్‌ని చూడటం లేదేమోనని అనుమానం. యూజర్ ఫోల్డర్‌లో ఇంకో సెట్టింగ్స్ ఫైల్ పెట్టాలా, లేక ప్రిఫరెన్సెస్‌లో గ్లోబల్ సెట్టింగ్స్ పాత్ ఇస్తే సరిపోతుందా? పాత జార్‌లను అలాగే డికి కాపీ చేసుకోవచ్చా? మా ఇంటి నెట్‌తో అన్నీ మళ్లీ దింపుకోవడమంటే తెల్లారిపోతుంది.