సమస్యాపూరణం: రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

సభాపతి: రష్యా వైపు పాత స్లావ్ కథల్ని ఇప్పటి ఆడవాళ్ల వైపు నుంచి తిరిగి చెప్పే నవలొకటి చదువుతున్నాను. అందులో కోడికాళ్ల గుడిసెలో ఉండే అడవి మంత్రగత్తె, ముసలి బాబ యాగ రోట్లో కూర్చుని, రోకలితో తోసుకుంటూ, చీపురుతో జాడ తుడిచేసుకుంటూ పోతుంటే పుస్తకం మూసేశాను. మన రోలే, మన రోకలే! తెల్లారేదాకా ఈ పాదం నన్ను వదల్లేదు. పూరించండి. స్లావ్ అడవి దాటి పోవద్దు.

ఓరుగల్లు మాస్టారు:
కోడికాళ్ల మీఁది గుడిసెను వీడి యా
యడవి రాణి బాబ యాగ లేచి
చీపురూని జాడఁ జెరుపుచు మబ్బుల
రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

గోదారిగట్టు: 'బాబ యాగ' పేరు రెండు సూర్యగణాల్లో (మూడేసి మాత్రల గణాలు) అచ్చంగా ఒదిగింది, యతి కూడా దానిమీదే. మాస్టారి చెయ్యి అది. కానీ గుడిసె వీడాక లేవడమేమిటండీ? లేచాక కదా వీడాలి. పైగా 'యాగ' అన్నాక మళ్లీ 'ముసలి', కర్త రెండుసార్లు. అన్నిటికన్నా ముఖ్యం, రోకలేదీ?

ఓరుగల్లు మాస్టారు: చీపురుంది కదా. మీ పూరణ రానివ్వండి, చూద్దాం.

గోదారిగట్టు:
నూలుమిల్లు పిల్ల నుతికెక్కె నింగికిఁ
బోయి, యవ్వ కథలు బొంకులగునె?
తొలుత దారిఁ జూపఁ దోడుగాఁ గథలోన
రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

సభాపతి: ఆహా! 'రోదసి' అని రాసిందాన్ని నేనే, ఈ అర్థం నాకు తట్టలేదు. అంతరిక్షానికి వెళ్లిన తొలి మహిళ వలెంతీనా తెరెష్కోవా! యారొస్లావ్ల్‌లో బట్టల మిల్లు కార్మికురాలు. 1963 జూన్ 16న వోస్తోక్-6 వ్యోమనౌక ఎక్కి భూమి చుట్టూ 48 సార్లు తిరిగింది. ఇంకోటి గమనించారా? స్లావ్‌లకు నూలు వడకడం మోకోష్ దేవత పని. 980లో వ్లదీమిర్ రాజు కీవ్ కొండమీద నిలబెట్టిన విగ్రహాల్లో ఆడదేవత ఆమె ఒక్కతే. రాట్నం దగ్గర నుంచి రాకెట్టు దాకా ఒక్క ఆటవెలదిలో పట్టింది.

ఓరుగల్లు మాస్టారు: బాగుంది, కాదనను. కానీ అడవి దాటొద్దన్న షరతు ఏమైంది? 'గథలోన' చెవికి గుచ్చుకుంటోంది కూడా.

గోదారిగట్టు: ద్రుతం (పదం చివరి నకారం) మీద పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) కావాల్సిందే, సంస్కృత పదమైనా సరే. ఈ సంగతి నాకు నేర్పింది మీరే మాస్టారూ.

పాలమూరు పిల్లోడు:
నిప్పుఁ దెమ్మటంచు నెట్టిరి యడవికి
వాసిలీస నపుడు, వచ్చెను నిప్పు
పుఱ్ఱెకన్నులందుఁ బొంగుచు, నది చూచి
రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

సభాపతి: రెండో పాదం చివర చూడు తమ్ముడూ. 'ను నిప్పు' ఇక్కడ చెల్లని జగణమైంది. 'వచ్చె నిప్పు' అంటే చాలు.

తెనాలి కోడలు: గణం సరే, పేరు సంగతేంటి? నిప్పు కోసం యాగ దగ్గరికి వెళ్లిన ఆ పిల్ల వసిలీస, 'వ' పొట్టిది. సవతి తల్లి చేతిలో ఇన్ని కష్టాలు పడ్డ పిల్ల, పేరైనా సరిగా పలుకుదాం. ఇంకో మాట. యాగ ఆ నిప్పు చూసి పారిపోలేదు. మంటల కళ్ల పుర్రెను కర్రకు గుచ్చి తనే చేతికిచ్చి పంపింది. ఇలా సవరించుకోవచ్చేమో:
నిప్పుఁ దెమ్మటంచు నెట్టిరి యడవికి
బాలిక వసిలీసఁ బట్టి వారు;
పుఱ్ఱెకన్నులందుఁ బొంగ నా మంటలు
రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

పాలమూరు పిల్లోడు: అక్కా, 'బాలిక వసి' దగ్గర గణం విరిచిన తీరుకు దండం. మార్చేసుకుంటున్నా.

గోదారిగట్టు: పేర్లు, కథలు మార్చడమంటే గుర్తొచ్చింది. పోయిన నెల 'చిలుక' సమస్యలో మాస్టారు స్లావ్ కథల చావులేని మాంత్రికుడు కొశ్చేయ్ ప్రాణాన్ని చిలకలో పెట్టారు. అది మాయల ఫకీరు సంగతి కదా! కొశ్చేయ్‌ది సూదిమొనలో. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె బుయాన్ దీవిలో ఓక్ చెట్టు కింద.

ఓరుగల్లు మాస్టారు: నేను రాసింది మారియా మొరేవ్నా కథ. అందులో గుడ్డే లేదు, గుర్రం తన్నితే చస్తాడు. చిలుక సమస్యలోనే ఉంది, ఎక్కడో ఒకచోట పెట్టాలిగా.

తెనాలి కోడలు: ఆ కథ పేరెత్తారు కాబట్టి చెప్తాను. అందులో యుద్ధానికి పోయేది పెళ్లాం, ఇల్లు చూసుకునేది మొగుడు. కొశ్చేయ్‌ని గొలుసులతో కట్టి గదిలో పడేసింది ఆమే. ఆ గది తెరవొద్దని చెప్పి వెళ్తే, ఆయన తెరిచి, దాహమంటే నీళ్లు పోసి వదిలేశాడు. చిన్నప్పుడు ఈ కథ విని ఎంత సంతోషపడ్డానో! ఇక నా పూరణ. మా అమ్మమ్మ రోటి దగ్గర కూర్చునే చోట గచ్చు నున్నగా అరిగిపోయి ఉండేది. ఆవిడను తలుచుకుని రాశాను.
దంచి దంచి విసిగి దండము పెట్టి, తా
గడప దాటలేని కష్టజీవి
వంగి దంచుటేల? వాహనం బిది యని
రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

సభాపతి: 'వాహనం బిది'! సమస్యకు ఇంతకన్నా సమాధానం నాకు అక్కర్లేదు. పనిముట్టు అదే, మనిషి అదే. కూర్చునే తీరు మారింది, అంతే. ఆ అరిగిన గచ్చు నా కళ్లముందే ఉంది.

ఓరుగల్లు మాస్టారు: నా కళ్లు చెమర్చాయమ్మా. అయినా అడుగుతాను. 'కష్టజీవి' అన్నాక మళ్లీ 'ముసలి'. నాకు తప్పయింది ఈమెకు ఒప్పా?

గోదారిగట్టు: కష్టజీవి అయిన ముసలి. విశేషణం. మీది పేరు.

ఓరుగల్లు మాస్టారు: సరే. ఇదిగో రోకలి.
కోడికాళ్ల మీఁది గుడిసెలో మేల్కాంచి
యడవి యెల్ల నదర నాకలిగొని
రోకలదియె తెడ్డు, రొదసేయఁ జెట్లెల్ల
రోలు నెక్కి ముసలి రోదసిఁ జనె

గోదారిగట్టు: 'రోకలదియె తెడ్డు, రొదసేయఁ జెట్లెల్ల'... ఆమె వచ్చేటప్పుడు చెట్లు పటపటమంటాయి, ఎండుటాకులు కరకరమంటాయి. కథలో ఉన్నదే. మాస్టారూ, ఈ పాదం నాది కాలేదని బాధగా ఉంది.