నంబరు ప్లేటు లేని బండి అంటే దొంగబండేనా?

టైలరమ్మ:
నాకు 58 ఏళ్ళు. లైసెన్సు లేదు, ఈ వయసులో దాని కోసం తిరిగే ఓపికా లేదు. అందుకే 250 వాట్ల కరెంటు స్కూటరు కొన్నాను. ఎంత తిప్పినా గంటకు 25 కిలోమీటర్లు దాటదు. ఎదురుగాలి వీస్తే సైకిలు మీద వెళ్ళే పాలబ్బాయి నన్ను దాటి, వెనక్కి తిరిగి నవ్వుతాడు.

నిన్న పోలీసులు ఆపి నంబరు ప్లేటు ఏదన్నారు. దీనికి అక్కరలేదన్నాను. "అందరూ అదే చెబుతారమ్మా" అని బండి పక్కన పెట్టించారు. కుట్టిన జాకెట్ల సంచి పట్టుకుని ముప్పావు గంట ఎండలో నిలబడ్డాను. నాకంటే ముందు ఆపిన కుర్రాడిదీ అచ్చం నా బండే, కాకపోతే వాడు 50లో దూసుకొచ్చాడు. అలాంటివాళ్ళను వదిలేయమని నేననను. పోయిన నెల మా వీధి మలుపులో ఒక పెద్దాయన కాలు విరిగింది అలాంటి బండి తగిలే. కానీ నాది అది కాదని ఎలా నిరూపించుకోవాలి?

మెకానిక్:
అమ్మా, ఈ రకం బండ్లలో చాలావాటికి కంట్రోలరు, అంటే మోటారుకు కరెంటు వదిలే పెట్టె, నుంచి రెండు సన్నటి తెల్ల వైర్లు వస్తాయి. వాటిని కలిపే క్లిప్పు ఊడదీస్తే వేగానికి అడ్డు ఉండదు. నిమిషం పని. చేయమని నా దగ్గరికీ వస్తారు, చేయను. పైనుంచి చూస్తే ఏ తేడా తెలియదు. ఎక్కి నడిపితే తెలిసిపోతుంది, కానీ రోడ్డు మీద ఆపినవారికి అంత తీరిక ఏది?

పాత గుమస్తా:
1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) చూడండి. మోటారు 250 వాట్లలోపు, వేగం 25లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదం కూడా ఉండాలి. అప్పుడే రిజిస్ట్రేషన్ అక్కరలేదు. క్లిప్పు తీసిన బండికి ఈ మినహాయింపు వర్తించదు. లైసెన్సు, బీమా, హెల్మెట్ అన్నీ కావాలి. మీ మోడల్ ఆమోదపత్రం నకలు అమ్మినవారినే అడగండి.

టైలరమ్మ:
షాపుకు వెళ్ళాను. "అదెవరూ అడగరండీ" అన్నాడు అక్కడి అబ్బాయి. ఇచ్చేదాకా కదలనని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గంటకు ప్రింటు చేతికొచ్చింది. లామినేషన్ చేయించి సీటు కింద పెట్టాను. లేచి వస్తుంటే ఆ అబ్బాయి మెల్లగా అడిగాడు: "క్లిప్పు తీసి ఇమ్మంటారా అమ్మా? డబ్బులేమీ వద్దు."