ఫార్సీ నేర్చుకునేవాళ్ళకి 'ఖాహమ్ రఫ్త్' (వెళ్తాను అనే భవిష్యత్ రూపం) మొదటే నేర్పాలా?

నల్లచాయ్:
ఆరు నెలలుగా పుస్తకం పట్టుకుని ఫార్సీ నేర్చుకుంటున్నా. మొన్న ఇరాన్‌లోని షీరాజ్‌లో ఉండే స్నేహితురాలికి ఫోన్‌లో, రేపు మాట్లాడతానని చెప్పడానికి "ఫర్దా సొహ్బత్ ఖాహమ్ కర్ద్" అన్నాను. "వార్తలు చదువుతున్నావా?" అంది, అంత పుస్తకాల భాషలా వినిపించిందట. తనైతే "ఫర్దా హర్ఫ్ మీజనీమ్" (రేపు మాట్లాడుకుందాం) అంటుందట. వర్తమాన కాలం క్రియతోనే పని జరిగిపోతుంది. మన 'వెళ్తాను' కూడా అంతేగా! 'రోజూ వెళ్తాను', 'రేపు వెళ్తాను', రెంటికీ ఒకటే రూపం. తెలుగువాళ్ళకి ఇంత దగ్గరి దారి ఉండగా మొదటి నెలలోనే 'ఖాహమ్ రఫ్త్' ఎందుకు వల్లె వేయిస్తారు? రెండో ఏడు నేర్పితే చాలదా?

గజల్‌ప్రియ:
నేను ఒప్పుకోనండీ. పేపరు తెరిస్తే చాలు, 'ఖాహద్ షొద్' (అవుతుంది) కనిపిస్తుంది. ముసలి లోకం మళ్ళీ పడుచుదవుతుందని చెప్పే ఫార్సీ కవి హాఫిజ్ గజల్లో ప్రతి ద్విపదా ఆ మాటతోనే ముగుస్తుంది. నేను ఫార్సీలోకి వచ్చిందే దానికోసం. నన్ను ఏడాది ఆగమంటారా? పైగా మారేది 'ఖాహ్' చివర ఒక్కటే, రెండో క్రియ కదలదు. ఒక్క పూట పాఠం.

షీరాజ్‌పిచ్చి:
మీరిద్దరూ 'ఖాహమ్' దగ్గరే ఆగారు. అసలు చిక్కు 'మీఖామ్'తో. 'మీఖామ్ బెరమ్' అంటే వెళ్ళాలనుంది అనీ అవుతుంది, వెళ్ళబోతున్నా అనీ అవుతుంది. వాన వచ్చేలా ఉంటే 'మీఖాద్ బారూన్ బియాద్' అంటారు, మరి వానకి కోరికేముంటుంది? ఒక ఇరానీ మిత్రుడు "మీఖామ్ బియామ్ పీషెత్" అంటే, నా దగ్గరికి రావాలనుందంటున్నాడు కాబోలు అనుకున్నా. సాయంత్రానికి గుమ్మంలో ఉన్నాడు, ఇంట్లో వంట లేదు. చాలా సిగ్గేసింది. ముందే మాట అనుకుని ఉంటే 'ఘరారే బియామ్' అంటారని తర్వాత తెలిసింది. ఇంకా చెప్పులు వేసుకుంటూనే 'ఊమదమ్' అనడమూ ఉంది. అక్షరాలా 'వచ్చాను' అని, మనం ఇంట్లోంచి కదలకుండా 'వచ్చేశా' అన్నట్టే. ముందు నేర్పాల్సింది ఇవి.

నల్లచాయ్:
గజల్‌ప్రియ గారూ, చదివి గుర్తుపట్టేందుకు 'ఖాహద్ షొద్' మొదటే నేర్పమనండి, కాదనను. నోటితో మాత్రం అనిపించొద్దు. షీరాజ్‌పిచ్చి గారు చెప్పింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా స్నేహితురాలు పోయిన నెల "తాబెస్తూన్ మీఖామ్ బియామ్ హెంద్" అంది. వేసవిలో ఇండియా చూడాలని ఆశపడుతోందనుకుని "తప్పకుండా రా" అని ఊరుకున్నా. టికెట్ తీసేసుకుందేమో, ఈ రాత్రే ఫోన్ చేసి అడగాలి.