లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో లాయర్ సాయం) ఇవ్వలేమని లెటర్ వచ్చింది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. భర్త కొడుతుంటే బయటికొచ్చి వేరే ఊళ్లో ఉంటున్నాను. నా కొత్త అడ్రస్ ఎవరికీ ఇవ్వొద్దని రాసిచ్చినా, ఒక ప్రభుత్వ ఆఫీసు వాళ్లు అది ఉన్న ఉత్తరం కాపీని ఆయనకు పంపేశారు. ఆ ఆఫీసు మీద కేసు వేద్దామంటే లీగల్ ఎయిడ్ ఇవ్వలేమన్నారు. మళ్లీ అడిగితే వీసాకు ఇబ్బంది అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లీ, కేసు సంగతి తర్వాత. నువ్వున్న చోటు ఆయనకు తెలిసిపోయింది కాబట్టి ముందు పోలీసులకు చెప్పు. ప్రమాదం అనిపిస్తే 999కి ఫోన్ చెయ్యి. గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247, రాత్రీ పగలూ పలుకుతారు, ఉచితం.

వీసా మీద 'నో పబ్లిక్ ఫండ్స్' (కొన్ని ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదు) అని ఉన్నా భయపడకు. లీగల్ ఎయిడ్ ఆ జాబితాలో లేదు, అడిగినంత మాత్రాన వీసాకు దెబ్బ తగలదు. విడిపోయాక వీసా ఏమవుతుందన్నది వేరే విషయం, దానికి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని వెంటనే కలువు.

2012 నాటి లీగల్ ఎయిడ్ చట్టం వల్ల చాలా డేటా ప్రైవసీ కేసులకు మామూలు లీగల్ ఎయిడ్ దొరకదు. కానీ అదే చట్టం 10వ సెక్షన్‌లో ఎక్సెప్షనల్ కేస్ ఫండింగ్ ఉంది, అంటే మామూలుగా దొరకని కేసులకు ప్రత్యేకంగా ఇచ్చే లీగల్ ఎయిడ్. లాయర్ లేకుండా నువ్వే అప్లై చేసుకోవచ్చు. నీకు వచ్చిన లెటర్ ఆ ఫండింగ్ గురించే అయితే, రివ్యూ (ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమని) అడగడానికి 14 రోజులే గడువు. కాబట్టి ఈ రాత్రే ఆ లెటర్ తీసి ఏ కారణం చూపారో చూడు.

రివ్యూలో చాలామంది జరిగిన అన్యాయమంతా పేజీల కొద్దీ రాస్తారు. లీగల్ ఎయిడ్ వాళ్లు చూసేది అది కాదు. లాయర్ లేకుండా ఈ మనిషి కేసు నడపగలదా, నడపలేకపోతే ఎంత నష్టం? 2014లో గుడానవిచియెనె కేసులో అప్పీల్ కోర్టు కూడా ముఖ్యంగా ఈ మూడు చూడమంది: విషయం ఎంత ముఖ్యం, కేసు ఎంత చిక్కు, మనిషికి ఎంత శక్తి ఉంది. అందుకే అడ్రస్ బయటపడటం వల్ల నీ ప్రాణానికే ముప్పని రాసి, పోలీస్ రిఫరెన్స్ నంబర్ జతచెయ్యి. నిద్ర పట్టక మందులు వాడుతుంటే జీపీ (మీ ఏరియా డాక్టర్) లెటర్ పెట్టు. కోర్టు ఇంగ్లిష్ అర్థం కాకపోతే ఆ మాటే రాయి. అడ్రస్ ఇవ్వొద్దని నువ్వు రాసిచ్చిన కాగితం కాపీ తప్పకుండా ఉండాలి.

ఇవాళే ఆ ఆఫీసుకు సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (నా గురించి మీ దగ్గరున్న సమాచారం ఇవ్వండని అడిగే లెటర్) కూడా పంపు. ఉచితం, మామూలుగా నెలలో ఇవ్వాలి. అది వచ్చేదాకా ఆగొద్దు, అడిగానని రివ్యూలో రాస్తే చాలు. ఐసీఓకు (డేటా ప్రైవసీ చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు చేయి కానీ వాళ్లు నష్టపరిహారం ఇప్పించలేరు.

ప్రశ్న:
అక్కా, ఇండియాలో మా ఊళ్లో నా పేరిట స్థలం ఉంది. లీగల్ ఎయిడ్ వాళ్లకు చెప్పాలా?

జవాబు:
చెప్పాలమ్మా, దాచొద్దు. ఇండియా ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది, లీగల్ ఎయిడ్‌కు ఆస్తి పరిమితి 8,000 పౌండ్లు. అమ్మలేని పరిస్థితి, వాటా గొడవలు ఉంటే కాగితాలతో చూపించు. విడిపోయి ఉంటున్నావు కాబట్టి ఆయన జీతం నీ ఆదాయంలో కలపకూడదు. కలిపారేమో లెటర్‌లో చూడు, కలిపితే రివ్యూలో మొదటి పాయింట్ అదే.

రివ్యూలోనూ కాదంటే హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూ (ఆ నిర్ణయం చట్టప్రకారం ఉందో లేదో కోర్టు చూడటం) ఉంది. ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ 3 నెలల్లోపు వేయాలి. దానికి మళ్లీ లీగల్ ఎయిడ్ అడగొచ్చు. పబ్లిక్ లా ప్రాజెక్ట్ అనే సంస్థ ఈ ఫండింగ్ విషయంలో పనిచేస్తుంది, వాళ్లకు రాయి. అది ప్రభుత్వ ఆఫీసు అంటున్నావు కాబట్టి మానవ హక్కుల చట్టం కింద వేసే కేసుకు ఏడాదే గడువు. ఉత్తరం ఆయనకు వెళ్లిన తేదీ ఎప్పుడో ఇక్కడ చెప్పు, లెక్క చూద్దాం.