అమ్మానాన్నలతో ఇటాస్కాకి: ఆర్‌వీయా, కేబినా?

గోదారమ్మాయి:
నమస్కారం అండీ. మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం, మినియాపొలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో. జూన్ ఆఖరుకి అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. జూలై రెండో వారంలో ఇటాస్కా స్టేట్ పార్కులో మూడు రాత్రులు ఉందామని ప్లాన్. ఆలోచన నాన్నదే. మిసిసిపీ నది అక్కడి సరస్సులోంచి మొదలవుతుందనీ, రాళ్ళ మీద నడిచి దాటేయొచ్చనీ ఏదో వీడియోలో చూశారు. "గోదావరి దాటాలంటే అంత పెద్ద బ్రిడ్జి కావాలి, దాన్ని మాత్రం నాలుగు అంగల్లో దాటేస్తా" అని వాట్సాప్‌లో చుట్టాలందరికీ చెప్పేశారు కూడా.

మా ఆయనకేమో ఆర్‌వీ, అదే పడకలు, వంటగది, బాత్రూం ఉండే పెద్ద బండి, పిచ్చి పట్టుకుంది. ఇల్లు వెంట తీసుకెళ్ళినట్టే, దార్లో బాత్రూం టెన్షన్ ఉండదు అంటాడు. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగాయి, రాత్రి రెండుసార్లయినా లేస్తుంది. నాకు పార్కులో అద్దెకిచ్చే చిన్న చెక్క ఇల్లు, కేబిన్, నయమనిపిస్తోంది. కానీ ఫోటోలు చూస్తే కొన్ని కేబిన్లలో బాత్రూమే కనపడటం లేదు. పిల్లలు ఇద్దరు, తొమ్మిదేళ్ళు ఒకరికి, ఐదేళ్ళు ఒకరికి. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "రెండూ బాగుంటాయి" అని మాత్రం అనొద్దు ప్లీజ్.

ఆవకాయ బాధితుడు:
చెల్లెమ్మా, మీ ఆయన ఇది చదివినా సరే, చెప్పక తప్పదు. పోయిన ఆగస్టులో మేం సరిగ్గా ఇదే పని చేశాం. 28 అడుగుల అద్దె ఆర్‌వీ, అమ్మానాన్న, మేమిద్దరం, మా వాడు.

ముందు మెట్లు. ఇనప మెట్లు, ఒక్కోటీ ఎత్తు, పట్టుకోడానికి పక్కన ఒకే కడ్డీ. రెండో రోజుకే మా అమ్మ "నేను ఈ కుర్చీలోంచి లేవను, అన్నం కిందికే ఇవ్వండి" అంది. ఇక పడక. వెనక ఒక మంచం, డ్రైవర్ నెత్తిమీద ఒక అటక, మధ్యలో భోజనాల బల్ల దించి చేసుకునే పక్క. అటకకి నిచ్చెన ఎక్కాలి. పెద్దవాళ్ళకి వెనక మంచం ఇచ్చాం, కానీ అది మూడు వైపులా గోడకి అతుక్కుని ఉంది. లోపలివైపు పడుకున్న అమ్మ రాత్రి లేవాలంటే నాన్న మీంచి పాకాలి. మూడు రాత్రులూ ఇద్దరికీ నిద్ర లేదు.

నీళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. మా బండిలో మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. వచ్చే నీళ్ళకంటే పోయే నీళ్ళతోనే అసలు చిక్కు. ఇటాస్కా సైట్ల దగ్గర కరెంటు దొరుకుతుంది కానీ మురుగు లైను ఉండదు. స్నానం, గిన్నెల నీళ్ళు గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. మగ్గుతో నీళ్ళు వాడేవాళ్ళం కదా, బ్లాక్ ట్యాంకు లెక్క తప్పి ముందే నిండిపోయింది. అప్పుడు పరుపులు, గిన్నెలు, కుర్చీలు అన్నీ సర్ది, బండి మొత్తం మురుగు వదిలే చోటుకి, డంప్ స్టేషన్‌కి, తోలుకెళ్ళాలి. అక్కడ గ్లవ్స్ వేసుకుని ముందు బ్లాక్ వదలాలి, తర్వాత గ్రే. అప్పుడు ఆ సబ్బునీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. నేను తిరగేసి చేశాను. ఆ గొట్టం సంగతి ఇక్కడ రాయను.

30 యాంప్ కనెక్షన్ అంటే 3600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, పక్కనే ఇన్‌స్టంట్ పాట్ కుక్కర్ పెట్టారా, కరెంటు టప్పున పోతుంది. అన్నం వండేటప్పుడు చెమట, చల్లబడ్డాక ఆకలి.

ఇక నా పేరు వెనక కథ. దార్లో పార్క్ రాపిడ్స్ ఊరు దాటాక ఒక మలుపులో పై అలమర తలుపు తెరుచుకుంది. గొళ్ళెం సరిగ్గా నొక్కలేదు, తప్పు నాదే. అందులోని ఆవకాయ జాడీ పడింది. పగల్లేదు గానీ మూత ఊడింది. ముందు నూనె జారింది, తర్వాత ముక్కలు ఒక్కొక్కటిగా సోఫా మీంచి కార్పెట్ మీదికి. నాన్న సీటు బెల్టులో ఇరుక్కుని "ముక్క పోతోందిరా, ముక్క పోతోంది" అని ఒకటే కేక. బండి తిరిగిచ్చినప్పుడు అద్దెకిచ్చినాయన కార్పెట్ వాసన చూసి డిపాజిట్‌లోంచి 200 డాలర్లు కోశాడు. అది న్యాయమే. కానీ మేం తీసుకోకముందే చిరిగి ఉన్న ఆనింగ్‌కి, అంటే బండి పక్కన పరిచే గుడ్డ పందిరికి కూడా మా దగ్గరే వసూలు చేశాడు. ఒకవేళ తీసుకుంటే బండి లోపలా బయటా పైకప్పుతో సహా వీడియో తీసుకోండి.

కేబిన్ విషయంలో మీ అనుమానం నిజమే. "క్యాంపర్ కేబిన్" అని ఉంటే అది చెక్క గది, బంకు మంచాలు, బల్ల, అంతే. లోపల కుళాయి ఉండదు, వంట చేయకూడదు, దుప్పట్లు మనవే, టాయిలెట్‌కి బయట నడవాలి. అమ్మగారికి అది ఆర్‌వీకంటే కష్టం. లోపలే బాత్రూం అని స్పష్టంగా రాసున్న కేబిన్ గానీ, పార్కులోనే ఉన్న డగ్లస్ లాడ్జ్‌లో గది గానీ చూడండి. ఆ లాడ్జ్ 1905 నాటిది. గది వివరం మొత్తం చదవకుండా డబ్బు కట్టొద్దు. రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరుస్తారు. జూలై 10కి అయితే మార్చి 12న పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చోండి, మధ్యాహ్నానికి ఏమీ మిగలదు. బండికి పర్మిట్ వేరే. రోజుకీ, ఏడాదికీ విడివిడిగా ఉంటుంది.

డులూత్ పిన్ని:
పై బాబు చెప్పిందంతా నిజం. కేబినే తీసుకో అమ్మా. నేను కలిపేవి మూడు.

దోమలు. జూలైలో అక్కడ సాయంత్రం దోమల ముందు మన కొల్లేరు పక్కన సంక్రాంతి దోమలు లెక్కలోవి కావు. నాన్నగారి పంచెలు ఇంట్లో పెట్టేయండి, ఫుల్ ప్యాంటు, మేజోళ్ళు, డీట్ అనే దోమల మందు ఉన్న స్ప్రే. అడవిలో తిరిగొచ్చాక మోకాలి వెనక, మెడ వెనక, పిల్లల చెవుల వెనక టిక్స్, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు, ఉన్నాయేమో చూడండి.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి. యాష్ చెట్లను చంపే పురుగు కట్టెల్లో ప్రయాణం చేస్తుందని పార్కుల్లోకి ఆమోదం లేని కట్టె రానివ్వరు. అక్కడే కొనుక్కుంటే నయం.

మూడోది, రాత్రి సరస్సు మీంచి ఎవరో ఏడుస్తున్నట్టు వినిపిస్తే కంగారు పడొద్దని అమ్మగారికి ముందే చెప్పు. అది లూన్ పక్షి, మిన్నెసోటా రాష్ట్ర పక్షి. మా అత్తగారు మొదటిసారి విని, లేచి దీపం పెట్టి హనుమాన్ చాలీసా చదివారు.

ఆర్‌వీ రాజు:
నేనొప్పుకోను. నాలుగేళ్ళ నుంచి వెళ్తున్నాం, ఒక్క ముక్క కూడా కింద పడలేదు. పార్కు షవర్ బిల్డింగు వాడుకుంటే ట్యాంకు గొడవే లేదు. పిల్లలకి ఆ అటకలో పడుకోవడమే పండగ. కాకపోతే అమ్మగారి మోకాళ్ళంటున్నారు కాబట్టి ఈసారికి మీరే గెలిచారు. బావగారికి నా సానుభూతి.

గోదారమ్మాయి:
అందరికీ థాంక్స్ అండీ. మా ఆయన మొత్తం చదివాడు. గొట్టం దగ్గర ఆగి, "సరే, లాడ్జ్ చూడు" అన్నాడు. సెప్టెంబర్‌లో మేం నలుగురం మాత్రం ఆర్‌వీలో వెళ్ళాలట, అది ఒప్పందం. మార్చి 12కి అలారం పెట్టాను.

ఒక్కటే డౌట్. నాన్నకి 68. ఆ రాళ్ళు ఎలా ఉంటాయి?

డులూత్ పిన్ని:
నున్నగా, నాచుతో ఉంటాయమ్మా. పిల్లలు గెంతుతారు, పెద్దవాళ్ళు జారతారు. రాళ్ళ మీద వద్దు, కొంచెం కిందుగా నీళ్ళల్లోంచే నడిపించు. అడుగున ఇసక, గులకరాళ్ళు, లోతు మోకాలి దాకానే. పాత రబ్బరు చెప్పులు, ఒక చేతికర్ర. అమ్మగారు ఆ పక్కనే ఉన్న దుంగ వంతెన మీద నిలబడి ఫోటో తీస్తారు. నది మొదలయ్యే చోట ఒక దుంగ మీద గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా 2,552 మైళ్ళని చెక్కి ఉంటుంది. నాన్నగారి వాట్సాప్ ఫోటోకి అదే చోటు.

ఆవకాయ బాధితుడు:
ఆవకాయ కారు డిక్కీలో నిలబెట్టి పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా, దాని మీద జిప్‌లాక్ రెండు పొరలు. గాజు జాడీ మాత్రం వద్దు.