ఇంగ్లాండ్‌లో కూరగాయల ధర, తోట కూలి, ఏజెంట్ అడిగిన ఆరు లక్షలు

కొత్తగా వస్తున్న తమ్ముడి ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సెప్టెంబర్‌లో లింకన్‌కు ఎంఎస్సీ చదవడానికి వస్తున్నాను. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక అక్కడ తిండి ఖర్చు బాగా పెరిగిందని అందరూ అంటున్నారు. నిజమేనా? ఇంకోటి, తోటల్లో మనుషులు దొరకట్లేదని, చదువుకుంటూ పొలం పని చేసుకుంటే ఫీజు వెళ్లిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. దేవరకొండలో మా చిన్నమ్మ కొడుకును కూడా ‘ఫార్మ్ వీసా’ మీద పంపిస్తానని ఒకాయన ఆరు లక్షలు అడుగుతున్నాడు. కట్టొచ్చా?

జవాబు

తమ్ముడూ, ముందు ఆఖరి మాట సంగతి. కట్టొద్దు. మిగతాది తర్వాత చదువుకో, ముందు చిన్నమ్మకు ఫోన్ చేసి ఈ మాట చెప్పు.

నేను కల్వకుర్తి వైపు వాణ్ని. ఇప్పుడు స్పాల్డింగ్ దగ్గర కూరగాయలు ప్యాక్ చేసే చోట పని చేస్తున్నాను. నువ్వు వచ్చే లింకన్ ఈ జిల్లాలోనే ఉంది. చుట్టూ క్యాబేజీ, బ్రాకోలి, ఆలుగడ్డ పొలాలే. పక్కనే బోస్టన్ అనే ఊరు. 2016 జూన్ 23న ఓటింగ్ పెట్టినప్పుడు యూనియన్ నుంచి బయటికి పోదామని ఆ ప్రాంతంలో 75.6 శాతం మంది ఓటేశారు. దేశంలో అదే ఎక్కువ. ఆ పొలాల్లో కోత కోసేది మాత్రం చాలావరకు లిథువేనియా, పోలండ్, రొమేనియా, బల్గేరియా నుంచి వచ్చినవాళ్లే. అప్పట్లో వాళ్లకు వీసా అక్కర్లేదు. బస్సెక్కి వచ్చి, సీజన్ అయ్యాక ఇంటికి పోయేవాళ్లు. 2020 డిసెంబర్ 31తో ఆ దారి మూసుకుపోయింది. అప్పటికే ఇక్కడ స్థిరపడినవాళ్లు హక్కు నమోదు చేసుకుని ఉండిపోయారు. కొత్తగా వచ్చేవాళ్లే ఆగిపోయారు.

మనుషులు ఆగితే ఏమవుతుందో మిర్యాలగూడ పిల్లాడికి వేరే చెప్పాలా? 2020 లాక్‌డౌన్‌లో బిహార్ హమాలీలు సొంతూళ్లకు పోతే మన రైస్ మిల్లులు ఎలా అల్లాడాయో గుర్తుందా? ఆ మే నెలలో దేశమంతా కూలీలు రైళ్లెక్కి ఇంటికి పోతుంటే, మన మిల్లుల కోసం బిహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు ఇటు వచ్చింది. ఇక్కడా అదే జరిగింది. 2022 మొదటి ఆరు నెలల్లోనే మనుషులు లేక 6 కోట్ల పౌండ్ల పంట పొలాల్లోనే పాడైపోయిందని ఇక్కడి రైతు సంఘం ఎన్ఎఫ్‌యూ అంచనా వేసింది. అంతకు ముందు కబేళాల్లో మాంసం కోసేవాళ్లు లేక వేల పందులను రైతులు తమ దొడ్లలోనే చంపాల్సి వచ్చింది. కాబట్టి ‘మనుషులు దొరకట్లేదు’ అన్న మాట అబద్ధం కాదు. ఏజెంటు మాట నమ్మాలనిపించేది కూడా అందుకే.

ఆ కొరత తీర్చడానికి ప్రభుత్వం సీజనల్ వర్కర్ వీసా పెట్టింది. 2019లో 2,500తో మొదలై 2021కి 30,000 అయింది. 2025లో పండ్లు, కూరగాయలు, పూల తోటలకు 43,000 ఇచ్చారు. ఆ వీసా మీద ఆరు నెలలే ఉండాలి. భార్యాపిల్లలను తీసుకురాకూడదు. ఇక్కడికొచ్చాక వేరే వీసాకు మారకూడదు. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కొద్ది సంస్థలే మనుషులను తెస్తాయి, ఏ దేశంలో తీసుకోవాలో అవే నిర్ణయించుకుంటాయి. మొదట్లో ఎక్కువమంది ఉక్రెయిన్ నుంచి వచ్చేవాళ్లు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చి అది తెగిపోయింది. హడావుడిగా నేపాల్, ఇండోనేషియా వైపు తిరిగారు. అక్కడ మధ్యలో బ్రోకర్లు దూరారు. వేల పౌండ్ల అప్పులు చేసి స్ట్రాబెర్రీ తోటలకు వచ్చిన ఇండోనేషియా కూలీల గురించి ఇక్కడి పేపర్లలో బాగా వచ్చింది. ఆ తర్వాత కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ వాళ్లే ఎక్కువయ్యారు. మన దేశం నుంచి వచ్చేవాళ్లు తక్కువ.

పాలమూరు వాణ్ని కాబట్టి నాకు ఇది చూస్తే కడుపు మండుతుంది. మన దగ్గర గుంపు మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టి డ్యాముల పనికి తీసుకుపోయేవాడు, ఆ బాకీ తీరేదాకా కూలీ కదలడానికి ఉండేది కాదు. ఇప్పుడు కూలీయే ఎదురు డబ్బు కట్టాలంటున్నారు. లెక్క వేసి చూడు. 2025 ఏప్రిల్ రేటు ప్రకారం గంటకు 12.21 పౌండ్లు. వారానికి కనీసం 32 గంటల కూలి ఇవ్వాలని రూలు. అంటే వారానికి 390, ఇరవై ఆరు వారాలకు దాదాపు 10,150 పౌండ్లు. ఆరు లక్షలంటేనే సుమారు 5 వేల పౌండ్లు. సగం అక్కడే పోయింది. ఇంకా తోటలో క్యారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) అద్దె వారానికి 70 పౌండ్ల పైన, తిండి, విమానం టికెట్, ఊళ్లో చేసిన అప్పుకు నూటికి మూడు వడ్డీ. ఆరు నెలలు వంగి పని చేసి వాడు అప్పుతోనే ఇంటికి వస్తాడు. పని ఇప్పించినందుకు కూలీ దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది ఇక్కడి చట్టం. వీసా ఫీజు 300 పౌండ్ల పైచిలుకు మాత్రమే.

ఇక నీ సంగతి. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని. వేసవిలో ఫుల్ టైమ్ చేసుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతారు. అది బీఎస్సీ పిల్లలకు. ఎంఎస్సీలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డిసర్టేషన్ రాస్తావు, ఆ కాలం కూడా టర్మ్ కిందికే వస్తుంది. తోటల్లో పని ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. పైగా తెల్లవారుజామున ఐదింటికి పొలానికి చేరాలంటే బస్సులుండవు, అందుకే తోటల వాళ్లు అక్కడే క్యారవాన్లలో ఉండే మనుషులను పెట్టుకుంటారు. ప్యాకింగ్ షెడ్లలో వారాంతపు షిఫ్టులు దొరుకుతాయి, నీ ఖర్చులకు సరిపోతాయేమో. ఫీజు మాత్రం దానితో వెళ్లదు, ఆ ధైర్యంతో నాన్నతో అప్పు చేయించకు. ఇరవై గంటలు దాటి చేతికి క్యాష్ ఇస్తామనే సప్లయర్ దగ్గరికి అసలే పోవద్దు, వీసా పోతుంది. అలాంటి వాళ్ల కింద పని చేస్తే ఏమవుతుందో చూడు, 2004 ఫిబ్రవరిలో మోర్‌కాంబ్ బే దగ్గర సముద్రం పోటెత్తి, ఆల్చిప్పలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది చనిపోయారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. పొలాలకు, ప్యాకింగ్ షెడ్లకు మనుషులను పంపేవాడికి లైసెన్సు ఉండాలి. ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. పేరు చూసుకున్నాకే పనికి వెళ్లు.

తిండి ఖర్చు పెరిగింది, నిజమే. ఈ దేశం తినేదాంట్లో నూటికి 40 వంతులు బయటినుంచే వస్తుంది, అందులో పెద్ద వాటా యూరప్‌దే. ఒప్పందం ఉంది కాబట్టి యూరప్‌లో పండినదానికి సుంకం లేదు. పెరిగింది కాగితాల ఖర్చు. 2024 జనవరి నుంచి మాంసం, పాల సరుకులకు ఆరోగ్య ధ్రువపత్రాలు అడుగుతున్నారు, ఏప్రిల్ నుంచి ఓడరేవులో తనిఖీలు, ఫీజులు మొదలయ్యాయి. డోవర్ రేవు, యూరో టన్నెల్ (సముద్రం కింది రైలు) దారిలో వస్తే ఒక్క కన్‌సైన్‌మెంట్‌కు, అంటే ఒకే కాగితం మీద వచ్చే సరుకుకు, 145 పౌండ్ల దాకా ఫీజు పెట్టారు. లారీ నిండా ఒకే సరుకు తెచ్చే సూపర్ మార్కెట్‌కు అది లెక్కలోకి రాదు, పది రకాలు కలిపి తెచ్చుకునే చిన్న దుకాణానికే దెబ్బ. బయటికి రావడం వల్ల 2021 చివరికల్లా, రెండేళ్లలో, ఒక్కో ఇంటి తిండి ఖర్చు 210 పౌండ్లు పెరిగిందని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లెక్కకట్టారు.

అయితే ప్రతిదీ దాని మీదికే తోయడం కూడా సరికాదు. 2023 ఫిబ్రవరిలో ఇక్కడ టమాటాలు మనిషికి ఇన్నే అని పరిమితి పెట్టారు. స్పెయిన్, మొరాకోలో చలికి పంట దెబ్బతినడం, కరెంటు ధర భరించలేక ఇక్కడి గ్లాస్‌హౌస్‌లు ఖాళీగా ఉండడం దానికి పెద్ద కారణాలు. యూరప్‌తో ఈ తనిఖీలు తగ్గించుకుందామని 2025 మేలో ఒక అంగీకారానికి వచ్చారు. పండ్లు, కూరగాయల తనిఖీలను 2027 జనవరి దాకా వాయిదా వేశారు. అది మంచిదే.

మన సరుకుల కథ వేరు. ఇండియా ఎప్పుడూ బయటి దేశమే కాబట్టి మనకు ఈ కాగితాలు కొత్త కాదు. 2014 మే 1 నుంచి మన మామిడిపండ్లు, వంకాయ, కాకర, పొట్లకాయ, చామ రాకుండా యూరప్ ఆపింది, పురుగులున్నాయని. అప్పుడు బ్రిటన్ కూడా ఆ నిర్ణయం కిందే ఉంది. 2018లో బియ్యంలో ట్రైసైక్లజోల్ అనే మందు అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నారు. అగ్గి తెగులుకు మీ నాన్న కొట్టే మందు అదేనేమో అడుగు. 2023లో సోనామసూరి దొరక్క మనవాళ్లు బస్తాలు బస్తాలు కొనుక్కున్నారే, అది బ్రిటన్ చేసింది కాదు. జూలైలో మన ప్రభుత్వమే ఎగుమతి ఆపింది, మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో తెరిచింది. 2025 జూలై 24న రెండు దేశాల మధ్య సంతకమైన ఒప్పందంలో దాదాపు మన సరుకులన్నిటికీ సుంకం తీసేస్తామన్నారు, మర పట్టిన బియ్యానికి మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. మిర్యాలగూడ మిల్లులకు అది చిన్న విషయం కాదు.

లెస్టర్ నుంచి ఒక అక్క

అన్న చెప్పినదానికి నాది చిన్న మాట. నాన్నా, సూట్‌కేసులో నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టుకోకు. మాంసం, పాల సరుకులు ఇండియా నుంచి తేకూడదు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. ఆవకాయ, గోంగూర, కారంపొడి తెచ్చుకో. ఇక్కడ పాలు, గుడ్లు, ఆలుగడ్డ, క్యారెట్, క్యాబేజీ, ఉల్లి ఈ దేశంలో పండేవే, చవకగా ఉంటాయి. బెండ, దొండ ఫ్రోజెన్‌వి కొనుక్కో. పాల డబ్బా మీద ‘నాట్ ఫర్ ఈయూ’ అని ఉంటే భయపడకు, ఉత్తర ఐర్లండ్ సరిహద్దు కోసం వేసిన ముద్ర అది, పాలలో ఏ లోపమూ లేదు.

మళ్లీ ఆ తమ్ముడు

అన్నా, అక్కా, చాలా థాంక్స్. చిన్నమ్మకు చెప్పాను. కానీ వాళ్ల అబ్బాయి పోయిన వారమే ఆ ఏజెంటుకు యాభై వేలు ఫోన్‌పే చేశాడట. రసీదు ఇవ్వలేదు. పాస్‌పోర్టు కూడా ఆయన దగ్గరే ఉంది.

జవాబు

ముందు పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. ఇంటర్వ్యూ ఉందనో, బ్యాంకు పని ఉందనో చెప్పి ఇవాళే అడగమను. ఫోన్‌పే హిస్టరీ, వాట్సాప్ మాటలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి నీకు పంపమను. మన దేశంలో విదేశీ పనికి మనుషులను పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు కావాలి. లైసెన్సున్నవాడు కూడా 30,000 రూపాయలు, జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆయన పేరుందేమో వెతకండి. లేకపోతే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి, దేవరకొండ స్టేషన్‌లో కూడా ఒక కాగితం పెట్టండి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ చెయ్, నేను రాసిపెడతాను. వాడికి విదేశీ పని మీదే మనసుంటే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు రాయించుకోమను.