జపాన్ డిగ్రీకి సీలు వేసిన కవరు చాలదా?

మాదాపూర్_హెచ్‌ఆర్ | సోమవారం

అందరికీ నమస్కారం. మాది మాదాపూర్‌లో ఒక మోస్తరు కంపెనీ, నాది రిక్రూట్‌మెంట్ పని. జపాన్‌లో ఒక జాతీయ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసొచ్చిన అబ్బాయికి ఆఫర్ ఇచ్చాం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ క్లియర్ కాకుండా మా దగ్గర జాయినింగ్ ఉండదు. ఏజెన్సీ వాళ్ళు యూనివర్సిటీకి మెయిల్ పెడితే, 'చదివిన వ్యక్తి సంతకంతో అంగీకార పత్రం పంపితేనే చెబుతాం' అన్నారు. పంపాం. 'ఈ వివరాలతో మా రికార్డుల్లో ఎవరూ దొరకలేదు, సరిచూసి మళ్ళీ పంపండి' అన్నారు. మళ్ళీ అదే ఫారం, మళ్ళీ అదే జవాబు. ఐదు వారాలు ఇలా నడిచాక రిపోర్టులో 'నిర్ధారించలేకపోయాం' అని పసుపు రంగు పడింది.

అబ్బాయేమో 'యూనివర్సిటీ సీలు వేసిన కవరు తెచ్చిచ్చాను కదా మేడమ్, ఇంకేం కావాలి?' అంటున్నాడు. మా మేనేజరు 'వదిలేయండి, ఇంకొకరిని చూడండి' అంటున్నారు. ఆ కవరు చాలా, చాలదా? నా మటుకు నాకు చాలదనే అనిపిస్తోంది. ఈ ఊళ్ళో ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు చూసి చూసి, క్యాండిడేటు చేతి మీదుగా వచ్చిన ఏ కాగితాన్నీ నమ్మబుద్ధి కావడం లేదు.

సెందాయ్_సుబ్బు | సోమవారం

చాలు మేడమ్. చాలకపోతే ఆ కవరు పద్ధతే ఎందుకు పెట్టారు వాళ్ళు?

మీకు అక్కడి లెక్క చెబుతాను. జపాన్‌లో చదువు పూర్తయితే రెండు రకాల కాగితాలు ఉంటాయి. మొదటిది గకుయికి, అంటే మన ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) లాంటిది. స్నాతకోత్సవం రోజు అట్ట ఫోల్డర్‌లో పెట్టి ఇస్తారు. అది జీవితంలో ఒక్కసారే. ఇల్లు తగలబడి పోయినా సాధారణంగా మళ్ళీ ఇవ్వరు. రెండోది షోమెయిషో, ధ్రువపత్రం. ఇది ఎన్నిసార్లు అడిగినా ఇస్తారు, ఒక్కోదానికి మూడొందలో నాలుగొందలో యెన్లు తీసుకుంటారు. అక్కడ ఉద్యోగానికైనా వీసాకైనా అడిగేది ఈ రెండోదాన్నే. గకుయికిని ఇంట్లో దాచుకుంటారు.

'గెంపూ' చేయమని అడిగితే ఆ ధ్రువపత్రాన్ని ఆఫీసువాళ్ళే కవర్లో పెట్టి, అంటించి, అతుకు మీద ముద్ర కొడతారు. మధ్యలో విప్పితే చెల్లదు. మన దగ్గర జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చసిరా సంతకం చూసి ఇన్నేళ్ళు ఉద్యోగాలిచ్చాం. ఆయన ఆ ఒరిజినల్ చూశాడో లేదో దేవుడికెరుక. దాన్ని నమ్మి దీన్ని నమ్మకపోవడం ఏం న్యాయం?

మాదాపూర్_హెచ్‌ఆర్ | సోమవారం

సుబ్బు గారూ, కవరు విప్పలేదని నాకు తెలుస్తుంది సరే. ఆ కవరు యూనివర్సిటీ ఆఫీసులోనే అంటించారని ఎలా తెలుస్తుంది? ఆ ముద్ర అసలెలా ఉంటుందో మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. పైగా ఇప్పుడు కొన్ని యూనివర్సిటీల సర్టిఫికెట్లు అక్కడి కన్వీనియెన్స్ స్టోర్లలోనే ప్రింటు తీసుకోవచ్చట కదా. కిరాణా కొట్లో డిగ్రీ కాగితం అంటే నా టెన్షన్ ఇంకా పెరిగింది.

సెందాయ్_సుబ్బు | సోమవారం

కొట్టువాడు చేసేదేం లేదండీ, అక్కడ ఉండేది మల్టీ కాపీ మెషీను మాత్రమే. యూనివర్సిటీ సర్వర్లో మన వివరాలు సరిపోతేనే ప్రింటు వస్తుంది. జిరాక్సు తీస్తే 'నకలు' అని తేలేలా కాగితం మీదే ఏర్పాటు ఉంటుంది. మీ ఏజెన్సీ దాన్ని స్కాన్ చేసి, ఆ అక్షరాలు చూసి 'దిద్దినట్టుంది' అని రాసే రకమేమో చూసుకోండి.

ఒహాయో_అక్క | మంగళవారం

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసులో పనిచేస్తాను, జపాన్ ఫైళ్ళు ఏటా నా టేబుల్ మీదకు వస్తాయి. ఇద్దరూ ఫోర్జరీ గురించే కొట్టుకుంటున్నారు. నా అనుభవంలో జపాన్ ఫైల్లో దొంగ కాగితం కంటే, అసలు కాగితాన్ని తప్పుగా చదవడం వల్ల వచ్చే తలనొప్పులే ఎక్కువ.

మొదటిది 'మికోమి'. సొత్సుగ్యో మికోమి షోమెయిషో అంటే 'ఫలానా నెలకు పూర్తి చేస్తాడని అనుకుంటున్నాం' అని ఇచ్చే కాగితం. అక్కడ చదువు అయిపోకముందే ఉద్యోగాలు ఖాయమవుతాయి కాబట్టి ఇది మామూలే. మనవాళ్ళు దీన్ని ప్రొవిజనల్ సర్టిఫికెట్ అనుకుంటారు. మన పీసీ ప్యాసయ్యాక ఇచ్చేది, ఇది ప్యాసవకముందు ఇచ్చేది. ఒక ఫైల్లో మికోమి ఒక్కటే ఉంటే డిగ్రీ ఇంకా లేనట్టే లెక్క. కాగితం నూటికి నూరుపాళ్ళు అసలుదే, చదివేవాళ్ళే పొరబడతారు.

రెండోది సంవత్సరం. హెయిసెయ్, రెయివా అని చక్రవర్తి పేరుతో లెక్క. రెయివా అంకెకు 2018 కలపాలి, హెయిసెయ్ అంకెకు 1988 కలపాలి. అంతవరకు సులువే. అక్కడ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది, దాన్ని 'నెందో' అంటారు. 2019 మార్చిలో డిగ్రీ పుచ్చుకున్నవాడు హెయిసెయ్ 30 నెందో విద్యార్థి. ఏజెన్సీవాడు 30కి 1988 కలిపి 2018 అంటాడు, రెజ్యూమెలో 2019 ఉంటుంది, 'సంవత్సరం సరిపోలేదు' అని రాసేస్తాడు. నేను కూడా కొత్తలో ఒక పిల్లకి ఇలాగే మెయిల్ పెట్టి సిగ్గుపడ్డాను.

మూడోది పీహెచ్‌డీ దగ్గర. 'మాంకి తాయిగకు' అని ఒక స్థితి ఉంది. డాక్టరేట్ కోర్సుకు కావలసిన క్రెడిట్లు, గడువు అన్నీ పూర్తి చేసి, థీసిస్ ఇచ్చి డిగ్రీ తీసుకోకుండా బయటికి రావడం. ముఖ్యంగా సాహిత్యం, చరిత్ర లాంటి శాఖల్లో ఇలా బయటికొచ్చి ప్రొఫెసర్లయిన పెద్దలు ఎంతోమంది. అక్కడ అది నామోషీ కాదు. ఇంగ్లీషు రెజ్యూమెలో 'డాక్టోరల్ కోర్స్ కంప్లీటెడ్' అని పడితే మాత్రం మనం డాక్టరు గారు అనేస్తాం. అతను అబద్ధం చెప్పలేదు, డాక్టరేట్ కూడా లేదు.

ఇంకా సెన్‌మోన్ గక్కో ఉంది, వృత్తివిద్యా కళాశాల. దాని నుంచి వచ్చే సెన్‌మోన్‌షి ఒక టైటిల్, డిగ్రీ కాదు. నాలుగేళ్ళ కోర్సుకి కోదో సెన్‌మోన్‌షి ఇస్తారు, దాంతో అక్కడ మాస్టర్స్‌కి అర్హత వస్తుంది కానీ అది కూడా బ్యాచిలర్స్ కాదు. మనవాళ్ళు కన్సల్టెన్సీల ద్వారా వెళ్ళేటప్పుడు 'జపాన్ కాలేజీ' అన్న మాట దగ్గరే ఆగిపోతారు.

కవరు సంగతికొస్తే, మా ఆఫీసు యూనివర్సిటీ నుంచి నేరుగా వచ్చినదే తీసుకుంటుంది. నేరుగా వచ్చినా సరే, అందులో ఏముందో చదవడం రావాలి కదా.

బెజవాడ_బాబాయ్ | మంగళవారం

ఇంత గొడవెందుకమ్మా. అపోస్టిల్, అదే వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, కొట్టించుకు రమ్మనండి. జపాను, మనమూ ఇద్దరం దానికి సంబంధించిన హేగ్ ఒప్పందంలో ఉన్నాం. వాళ్ళ విదేశాంగశాఖ దానికి రుసుము కూడా తీసుకోదు. మావాడి పెళ్ళి కాగితాలకు అదే చేయించాం.

ఒహాయో_అక్క | మంగళవారం

బాబాయ్ గారూ, అపోస్టిల్ చెప్పేది 'ఈ సంతకం, ఈ ముద్ర ఫలానా అధికారివే' అని మాత్రమే. లోపల రాసిన విషయం నిజమని అది చెప్పదు. మికోమి కాగితానికి అపోస్టిల్ వేయించినా అది మికోమీయే.

వార్తల_వెంకట్ | బుధవారం

హెచ్‌ఆర్ మేడమ్ పక్షాన ఒక మాట. జపాన్ వాళ్ళకే కాగితం చూసి మోసపోయే పరిస్థితి వచ్చింది. షిజువోకా రాష్ట్రంలో ఇతో అనే ఊరు ఉంది. 2025లో మేయరుగా గెలిచిన మాకి తకుబో టోయో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నట్టు ప్రచారమైంది. అనుమానాలొస్తే కౌన్సిల్ అధ్యక్షుడికి ఒక పత్రం అలా చూపించి తీసేసుకున్నారు. చూపించింది 19.2 సెకన్లని తర్వాత ఆమే లెక్క చెప్పారు. జూలైలో విలేకరుల ముందుకొచ్చి, పట్టభద్రురాలిని కాదని, విశ్వవిద్యాలయం రికార్డుల్లో 'జోసెకి', అంటే పేరు కొట్టేసినట్టు ఉందని ఒప్పుకున్నారు. కౌన్సిల్ రెండుసార్లు అవిశ్వాసం పెట్టింది, అక్టోబరు ఆఖరులో పదవి పోయింది. అంత పెద్ద మనుషులే 19 సెకన్ల కాగితంతో తేల్చుకోలేకపోతే మాదాపూర్‌లో కవరు చూసి ఏం తేలుస్తారు?

సెందాయ్_సుబ్బు | బుధవారం

వెంకట్ అన్నా, ఆ కథ నా పక్షానే ఉంది. చూపించింది సీలు వేసిన ధ్రువపత్రం కాదు, చూపించి వెనక్కి తీసేసుకున్న పత్రం. అసలు సంగతి ఎక్కడ తేలింది? ఆమే స్వయంగా యూనివర్సిటీకి వెళ్ళి అడిగినప్పుడు. చదివిన మనిషి అడిగితే అరగంటలో చెబుతారు, మూడోవాడు అడిగితే చెప్పరు. 2005 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పూర్తిగా అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా అతని చదువు వివరాలు బయటివాడికి చెప్పరు. మన దగ్గర ఎవడు ఫోన్ చేసినా మార్కులు చదివి వినిపించేస్తారు, అది మేలంటారా?

వార్తల_వెంకట్ | బుధవారం

మేలనలేదు. అమెరికాలో నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ ఉంది, మనకు నేషనల్ అకడమిక్ డిపాజిటరీ, డిజిలాకర్ ఉన్నాయి. జపాన్ అంతటి దేశం ఒక కేంద్ర పట్టిక పెట్టలేకపోయిందా అంటున్నాను.

ఒహాయో_అక్క | బుధవారం

2019లో నిక్-జపాన్ అని ఒక సమాచార కేంద్రం పెట్టారు, ఒక దేశం చదువుల్ని ఇంకో దేశం గుర్తించడం గురించిన టోక్యో ఒడంబడిక ప్రకారం. ఏది గుర్తింపున్న సంస్థ, ఏ అర్హత ఏ స్థాయిది అన్నది అక్కడ తెలుస్తుంది. ఫలానా మనిషి డిగ్రీ తీసుకున్నాడా అన్నది తెలియదు, దానికి యూనివర్సిటీ గుమ్మమే ఎక్కాలి. ఆ గుమ్మం పేరు మారి ఉండొచ్చు కూడా. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2024 అక్టోబరులో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీతో కలిసి సైన్స్ టోక్యో అయింది. పాత పేరుతో వెతికి 'సంస్థ లేదు' అని రాసే ఏజెన్సీలు ఉంటాయి, జాగ్రత్త.

పీహెచ్‌డీ అయితే మాత్రం ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. 2013 నుంచి డాక్టరేట్ థీసిస్ ఇంటర్నెట్‌లో పెట్టాలన్న నియమం ఉంది. అక్కడి జాతీయ గ్రంథాలయంలోనూ, సైనీ అనే పరిశోధన పత్రాలు వెతికే సైటులోనూ పేరు, సంవత్సరం, యూనివర్సిటీ దొరుకుతాయి. మాంకి తాయిగకు అయితే దొరకదు.

సెందాయ్_సుబ్బు | గురువారం

మేడమ్, మీ మొదటి పోస్టు మళ్ళీ చదివాను. 'ఈ వివరాలతో ఎవరూ దొరకలేదు' అన్నారు కదా. మీ ఏజెన్సీ ఏ పేరు పంపింది? ఆఫర్ లెటర్లో ఉన్నట్టు ఇంటిపేరు ఒక్క అక్షరమా? అక్కడ రికార్డు పాస్‌పోర్టు ప్రకారం ఉంటుంది, ఇంటిపేరు ముందు, పూర్తిగా. నా పేరులో 'వెంకట' కలిపి రాయడం, విడదీయడం వల్ల నాకే బ్యాంకు ఖాతా మూడు వారాలు ఆగింది. స్టూడెంట్ నంబరు, పుట్టినతేదీ కూడా పెట్టండి.

మాదాపూర్_హెచ్‌ఆర్ | శుక్రవారం

చూశాను. ఒక్క అక్షరమే పంపారు. ఐదు వారాలూ అదే ఒక్క అక్షరం.

మాదాపూర్_హెచ్‌ఆర్ | తర్వాతి గురువారం

పాస్‌పోర్టు పేరుతో, నంబరుతో, అబ్బాయి సంతకంతో, జపనీస్‌లో రెండు లైన్ల ఉత్తరంతో (సుబ్బు గారే రాసిచ్చారు) మళ్ళీ పంపాం. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. 'పై వ్యక్తి మా వద్ద మాస్టర్స్ పూర్తి చేశారు' అని ఒకే వాక్యం, తేదీ. రిపోర్టు ఆకుపచ్చ అయింది.

కవరు విషయంలో నా మాట మారలేదు. కవరు ఒక్కటే ఉంటే ఇప్పటికీ ఒప్పుకోను. అబ్బాయికి ఫోన్ చేశాను. పోయిన సోమవారమే పుణెలో ఇంకో కంపెనీలో చేరాడట. వాళ్ళేం అడిగారు అంటే, 'కవరు విప్పి చూసుకున్నారు మేడమ్' అన్నాడు.

సెందాయ్_సుబ్బు | తర్వాతి గురువారం

ఆ పుణె కంపెనీలో ఖాళీలేమైనా ఉన్నాయేమో కనుక్కోండి మేడమ్, నా దగ్గర ఇంకా రెండు కవర్లున్నాయి.